దసరా సెలవుల్లో పిల్లల్ని పత్తి చేనుకు పంపొచ్చా? ఒక పాత సీడ్ పత్తి రైతు జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీరుండేది హైదరాబాద్‌లో. బాబుకు 11, పాపకు 13. దసరా సెలవులకు ఇద్దర్నీ మీ అత్తగారి ఊరికి పంపుతున్నారు. అక్కడ మీ బావగారికి అయిదెకరాల పత్తి ఉంది, మొదటి తీత సరిగ్గా ఆ రోజుల్లోనే. "పిల్లల్ని నాతో చేనుకు తీస్కపోత, నాలుగు దినాలు పని తెలుస్తది" అన్నారాయన. మీ ఆయనకు సంతోషమే. మీ ఆఫీసులో ఒకరు మాత్రం అది బాలకార్మిక చట్టం కిందికి వస్తుందని భయపెట్టారు. పోనీలే అనుకుందామంటే మనసు ఒప్పుకోవట్లేదు, వద్దందామంటే "మేమంతా చేసినోళ్లమే కదా, ఏమైంది?" అని బావగారు అడిగితే జవాబు లేదు. చివర్లో ఇంకొక మాట రాశారు: కూలీలకు వచ్చే ఆడవాళ్ల పిల్లలు కూడా చేన్లో ఉంటారట, మీ పిల్లలకు తోడు దొరుకుతుందని.

జవాబు: మీ పిల్లల్ని పంపండి. నేరం కాదు, తప్పూ కాదు. పొద్దున రెండు గంటలు, మందు కొట్టని చేను, ట్రాక్టరుకూ మోటారుకూ దూరం. ఈ మూడూ చూసుకుంటే చాలు. మీరు తోడు అనుకున్న ఆ కూలీల పిల్లలున్నారే, నేరమంటూ ఉంటే అది వాళ్ల దగ్గరే ఉంది. మీ బావగారు చిక్కులో పడితే వాళ్ల వల్లే పడతారు, మీ పిల్లల వల్ల కాదు.

ఇది చెప్పడానికి నేనెవరినో చెప్పాలి. మాది నడిగడ్డ, కృష్ణకూ తుంగభద్రకూ నడుమ గద్వాల వైపు ఒక ఊరు. ఇరవై ఏళ్లకు పైగా సీడ్ పత్తి చేశాను. అందులో మొదటి పదేళ్లకు పైగా నా చేన్లో పనిచేసిన వాళ్లలో సగానికి ఎక్కువ మంది పద్నాలుగు లోపు పిల్లలే, వాళ్లలో ఎక్కువ ఆడపిల్లలే. కాబట్టి నీతి చెప్పే అర్హత నాకు లేదు. లెక్క మాత్రం చెప్పగలను.

సీడ్ పత్తి తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా. మీరు దుకాణంలో కొనే పత్తి విత్తనాల ప్యాకెట్ హైబ్రిడ్. అంటే ఒక రకం ఆడ మొక్క, ఇంకో రకం మగ మొక్క కలిస్తే పుట్టిన గింజ. ఆ కలపడం గాలీ తేనెటీగా చేసేది కాదు, మనిషి చెయ్యి చేసేది. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి హెచ్-4 అనే రకం వచ్చింది, ప్రపంచంలో వ్యాపారానికి వచ్చిన మొదటి హైబ్రిడ్ పత్తి అదే. అప్పటి నుంచి ఈ దేశంలో పత్తి విత్తనం వేళ్ల మీద నడుస్తోంది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను గుర్తుపట్టి, బొటనవేలి గోరుతో దాని రేకులూ లోపలి పుప్పొడి తిత్తులూ గిల్లేసి, మధ్యలోని ఆడ భాగం, అంటే కీలం, తెగకుండా కాపాడి, దాని మీద రంగు కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కీలానికి రుద్దాలి. ఒక మగ పువ్వు నాలుగైదు మొగ్గలకు సరిపోతుంది. ఒక్క మొగ్గ గిల్లకుండా మరిచిపోతే అది తన పుప్పొడితో తానే కాయ కడుతుంది, ఆ కాయ గింజ కలిస్తే స్వచ్ఛత పరీక్షలో లాట్, అంటే కంపెనీకి ఇచ్చిన విత్తనం, మొత్తం పోతుంది. రోజూ ప్రతి చెట్టు, ప్రతి కొమ్మ. ఆగస్టులో మొదలైతే ఎనభై, తొంభై రోజులు విడుపు లేదు. ఎకరాకు రోజూ ఎనిమిది నుంచి పది మంది కావాలి.

ఇప్పుడు గడియారం చూడండి. పుప్పొడి అంటించేది పొద్దున ఎనిమిదికి మొదలై పదకొండు, పన్నెండు దాకా. మొగ్గ గిల్లేది మధ్యాహ్నం రెండు, మూడు నుంచి చీకటి పడేదాకా. బడి గంట కూడా సరిగ్గా ఆ వేళలోనే కొడుతుంది. జూన్‌లో బడి తెరిస్తే పిల్లకు రెండు నెలల చదువు. ఆగస్టులో పువ్వు పట్టగానే బడి బంద్. మళ్లీ డిసెంబరులో పోతే టీచరు చెప్పేది తలకెక్కదు. రెండేళ్లు ఇట్లా గడిస్తే పిల్ల తానే బడి మానేస్తుంది, ఎవరూ మాన్పించక్కర్లేదు. "చదువు మీద ధ్యాస లేదు సార్, అందుకే పనికి పంపుతున్నం" అని తల్లిదండ్రులు చెప్పే మాట అబద్ధం కాదు. ధ్యాస ఎప్పుడు పోయిందో మాత్రం వాళ్లు చెప్పరు.

పిల్లలే ఎందుకు? అడిగిన ప్రతి ఒక్కరికీ మా జవాబు ఒకటే: "చిన్న వేళ్లు, మెత్తగా గిల్లుతయి. పెద్దోళ్ల చేతికి మొగ్గ రాలిపోతది." నేనూ పదేళ్లు ఈ మాట నమ్మకంగా చెప్పాను. అసలు లెక్క వేరు. 2003 ప్రాంతంలో నేను పిల్లకు రోజుకు 20 రూపాయలు ఇచ్చేవాణ్ని, పెద్దావిడకు 35. తేడా 15. ఎకరాకు పది మంది, ఎనభై రోజులు: పన్నెండు వేలు. ఆ రోజుల్లో నాకు ఎకరాకు మిగిలే దాంట్లో అది చిన్న ముక్క కాదు. కొనే ధర కంపెనీ ముందే కట్టేస్తుంది, కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజర్ తన వాటా పట్టుకుంటాడు, మందులూ ఎరువులూ అప్పు మీద వస్తాయి. నా చేతిలో తగ్గించుకునే వీలున్నది కూలి ఒక్కటే. దాన్ని పిల్లల దగ్గర తగ్గించాను. వేళ్ల సంగతి తర్వాత కల్పించుకున్నది.

కల్పితమని ఎట్లా తెలిసింది? కొన్ని కంపెనీలు, బయటి నుంచి ఒత్తిడి వచ్చాక, పిల్లలు లేని చేనుకు ధర మీద అయిదు శాతం అదనం ఇస్తామన్నాయి. ఉన్నట్టు తేలితే కోత. నేను పెద్ద ఆదర్శంతో మారలేదు, ఆ అయిదు శాతం కోసం మారాను. 2007లో మొత్తం పెద్ద ఆడవాళ్లనే పెట్టాను. మొదటి పది రోజులు మొగ్గలు రాలాయి, నిజమే. తర్వాత ఏ తేడా లేదు. పిల్లలు సాయంత్రం నాలుగు దాటితే అలిసిపోయి మొగ్గలు వదిలేసేవాళ్లు, మేస్త్రి వెనక నుంచి అరవాలి. పెద్దవాళ్లు తమ సాలు తామే తిరిగి చూసుకున్నారు. ఆ ఏడు నా లాట్ పరీక్షలో మొదటిసారే పాసైంది.

కానీ మారడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని దాచి ఈ జవాబు రాస్తే సగమే రాసినట్టు.

2003 అక్టోబరు. సాయంత్రం తెల్లదోమకు మందు కొట్టించాను, ఎర్ర గుర్తు మందు. పొద్దున పువ్వు ఆగదు కదా, క్రాసింగ్‌కు, అంటే పుప్పొడి అంటించడానికి, అందరూ వచ్చారు. పదకొండేళ్ల పిల్ల ఒకతె పదింటికి గెట్టు మీద కూర్చుంది. నోట్లోంచి నురగలాంటి చొంగ, ఒళ్లంతా చెమట, కళ్లల్లో నల్లగుడ్డు మధ్య చుక్క గుండుసూది మొనంత అయిపోయింది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించాం. వాంతి చేసుకుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి, ఇది నా చేతిలో పని కాదు, కర్నూలు తీసుకుపొమ్మన్నాడు. జీపులో తీసుకుపోయాం. అక్కడ డాక్టరు కళ్లు చూడగానే "ఏ మందు కొట్టారు, డబ్బా తెచ్చారా?" అన్నాడు. మేం డబ్బా తేలేదు. విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు రాత్రంతా పడ్డాయి. బతికింది. ఆ పక్కనే, అదే సాలులో, వాళ్లమ్మ కూడా పని చేసింది. ఆమెకు తలనొప్పి తప్ప ఏమీ కాలేదు.

ఎందుకు అని డాక్టరును అడిగాను. ఆయన నా ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి "పత్తి చెట్టు ఎంత ఎత్తు?" అన్నాడు. నాలుగడుగులు. "నీ ముఖం చెట్టు మీద ఉంటుంది. దాని ముఖం చెట్టు లోపల ఉంటుంది." ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట నాకు నిన్న విన్నట్టే ఉంది. దానికి తోడు పిల్లల ఊపిరి వేగం మనకన్నా ఎక్కువ, బరువుతో పోలిస్తే ఒంటి మీది చర్మం కూడా ఎక్కువ. అదే చేను, అదే మందు, పిల్లకు పడే మోతాదు వేరు.

అందుకే, మీ బావగారు ఎంత మంచివారైనా సరే, మీరు ఫోన్ చేసి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆఖరిసారి మందు ఎప్పుడు కొట్టారు, ఏం కొట్టారు? డబ్బా మీద వజ్రం ఆకారంలో ఉండే గుర్తు కింది సగం రంగు చూసి చెప్పమనండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా మంచినీళ్లు కాదు. మా ఇంట్లో నేను పెట్టిన నియమం: ఏ రంగైనా, మందు కొట్టిన చేన్లో వారం దాకా పిల్లల అడుగు పడకూడదు. ఖాళీ డబ్బాలు చేన్లో పడి ఉంటే ముందు అవి తీయించాలి. పిల్లలకు ఖాళీ డబ్బా కనపడితే నీళ్లు నింపి ఆడతారు, ఇది పల్లెలో పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు.

ఇక చట్టం. మీ ఆఫీసులో చెప్పినవాళ్లు సగం సరిగ్గా చెప్పారు. 1986 నాటి బాలకార్మిక చట్టం కొన్ని ప్రమాదకరమైన పనులనే నిషేధించింది, పొలం పని చాలావరకు దాని బయటే ఉండేది. మా సీడ్ పత్తి అంత బహిరంగంగా నడవడానికి అదొక కారణం. 2016లో సవరణ వచ్చింది. ఇప్పుడు 14 ఏళ్లు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, పొలమైనా హోటలైనా. మినహాయింపులు రెండే. ఒకటి సినిమాలు, టీవీల్లాంటి వాటిలో నటించడం. రెండోది బడి అయ్యాకో సెలవుల్లోనో సొంత కుటుంబానికి సాయం చేయడం, అదీ ప్రమాదం లేని పనిలో.

ఆ "కుటుంబం" ఎవరో చట్టమే చెప్పింది: అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, నాన్న తోడబుట్టినవాళ్లు, అమ్మ తోడబుట్టినవాళ్లు. మీ బావగారు మీ పిల్లలకు పెదనాన్న, కాబట్టి లెక్కలోకి వచ్చారు. (తాతను మాత్రం ఆ జాబితాలో రాయడం మరిచారు. మన ఊళ్లల్లో మనవల్ని చేనుకు తిప్పేది తాతలే. చట్టం రాసినవాళ్లు ఎప్పుడూ సెలవులకు ఊరికి పోలేదేమో.) 2017లో వచ్చిన నియమాలు ఇంకొంచెం బిగించాయి: సాయం రోజుకు మూడు గంటలు దాటకూడదు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా అసలే వద్దు, చదువుకు అడ్డం రాకూడదు, ఆ పొలం కుటుంబం చేతిలో ఉన్నదై ఉండాలి. ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు, కోత మిషన్లు, గడ్డి కత్తిరించే మిషన్లతో చేసే పనులు ప్రమాదకరమైనవాటి కింద ఉన్నాయి, వాటి దగ్గర సొంత పిల్లలైనా వద్దు.

ఇప్పుడు కూలీల పిల్లల దగ్గరికి రండి. తల్లి పత్తి తీస్తోంది, పక్కన తొమ్మిదేళ్ల కూతురు తీస్తోంది. "వాళ్లమ్మకు సాయం చేస్తోంది, మాకేం సంబంధం?" అని మీ బావగారు అంటారు. అందరూ అంటారు, నేనూ అన్నాను. ఆ పొలం ఆ తల్లిది కాదు. కౌలుకు తీసుకున్నదీ కాదు. కాబట్టి ఆ మినహాయింపు ఆ పిల్లకు వర్తించదు. తల్లి పక్కనే ఉన్నా, పిల్ల పేరు కూలీ పుస్తకంలో లేకపోయినా, ఆ పిల్లను పనిలో పెట్టుకున్నది పొలం యజమానే. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. వారంటు లేకుండానే పోలీసులు కేసు పెట్టవచ్చు. తల్లిదండ్రులకు మొదటిసారి శిక్ష లేదు, అది సరైన పనే. 1098కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

పత్తి తీతలో ఇది ఎట్లా దాక్కుంటుందో చూడండి. రోజు కూలి ఇస్తే పిల్ల కనపడుతుంది, ఎందుకంటే ఆ పిల్లకు విడిగా పైసలు లెక్కకట్టాలి. కిలో లెక్కన ఇస్తే పిల్ల మాయమవుతుంది. తీసిన పత్తి అంతా తల్లి మూటలో పడుతుంది, కాంటా మీద తల్లి పేరే. పిల్ల రోజుకు ఎంత తీసిందో ఎవరికీ తెలియదు, తల్లికి తప్ప. యజమాని "నా చేన్లో పిల్లల్లేరు" అని ప్రమాణం చేసినా పుస్తకం ప్రకారం అది అబద్ధం కాదు! మిరపకోతల్లో కూడా ఇదే. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు పత్తికీ మిరపకూ వలస పోయే కుటుంబాలను నేను బస్సుల్లో చూశాను, గిన్నెలూ చాపలూ మూటకట్టి, మధ్యలో పిల్లలు. ఆ పిల్లల కోసమే ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు, అమ్మానాన్నలు వలసపోయినా పిల్ల బడి దగ్గరే ఉండేట్టు. హాస్టలు సమయానికి తెరిస్తే పిల్లలు ఆగుతారు. బస్సు వెళ్లిపోయాక తెరిస్తే ఖాళీగా ఉంటుంది.

బాలకార్మికులు అనగానే మనకు గుర్తొచ్చేది టీ కొట్టూ, ఇటుక బట్టీ. 2025లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి ఇచ్చిన లెక్కలో ప్రపంచంలో 13.8 కోట్ల మంది పిల్లలు పనుల్లో ఉన్నారు, వాళ్లలో 61 శాతం వ్యవసాయంలోనే. హోటలుకు తలుపుంది, తనిఖీకి వచ్చినవాడు తలుపు తోసి చూస్తాడు. అయిదెకరాల పత్తిలో నాలుగడుగుల చెట్ల మధ్య మూడున్నర అడుగుల పిల్ల ఎవరికి కనపడుతుంది?

"మేమంతా చేసినోళ్లమే, ఏమైంది?" అనే మాటకు వస్తాను. నేనూ చేశాను. జొన్న గింజ పాలుపోసుకునే రోజుల్లో పొద్దున్నే మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను కొట్టేవాణ్ని. అంతకన్నా సుఖమైన రోజులు నా బతుకులో లేవు. ఎండెక్కగానే మంచె దిగి, సంగటి తిని, బడికి పోయేవాణ్ని. అదే మంచె కింద మా బర్రెలు మేపే పిల్లవాడు ఉండేవాడు, నా ఈడువాడే. వాళ్ల నాన్న మా నాన్న దగ్గర అప్పు తీసుకుని వాణ్ని ఏడాదికి జీతం పెట్టాడు. ఇద్దరం అదే చేన్లో, అదే ఎండలో, ఒకే ఈడు. నేను బడికి పోయేటప్పుడు వాడు బర్రెల వెనక పోయేవాడు. రాత్రి నేను ఇంట్లో పడుకుంటే వాడు కొట్టంలో పడుకునేవాడు. ఇప్పుడు కూడా బస్టాండులో కనపడితే "అన్నా, ఇది రాయచూరు పోతదా?" అని బోర్డు చూపించి నన్నే అడుగుతాడు. ఇద్దరం "చిన్నప్పుడు పొలం పని చేసినోళ్లమే."

భూమి ఉన్నవాడి కొడుకు చేస్తే పని నేర్చుకోవడం, లేనివాడి కూతురు చేస్తే కూలి. ఇది చట్టం పెట్టిన గీత కాదు, ముందునుంచీ ఉన్నదే. నా సీడ్ చేనులోకి వచ్చిన పిల్లలు ఏ వాడ నుంచి వచ్చారో నాకు తెలుసు: దళితవాడ, బోయగేరి. మా వీధి నుంచి ఒక్క పిల్ల రాలేదు. మా వీధి పిల్లలకు వేళ్లు లావుగా ఏమీ లేవు.

రంగారెడ్డి జిల్లాలో 1990ల మొదట్లో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు జీతం ఉన్న పిల్లల్ని విడిపించి, క్యాంపుల్లో పెట్టి, ఈడుకు తగ్గ తరగతిలో చేర్పించడం మొదలుపెట్టారు. 2003లో ఆమెకు మెగసెసె అవార్డు వచ్చింది. వాళ్ల మాట ఒకటే: బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే. మొదట విన్నప్పుడు నాకు అతి అనిపించింది. ఇంట్లో ఊరికే ఉన్న పిల్ల కూడా కార్మికురాలేనా? తర్వాత చూస్తే నిజంగా "ఊరికే" ఉన్న ఆడపిల్ల ఒక్కతీ కనపడలేదు. గెట్టు మీద ఏడాది తమ్ముణ్ని చంకన వేసుకుని కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల పత్తి తీయట్లేదు. కానీ ఆ పిల్ల అక్కడ కూర్చోకపోతే తల్లి పత్తి తీయలేదు.

దీన్నుంచే నేను ఒక కొలబద్ద పెట్టుకున్నాను. గంటలూ వయసూ చట్టం చూసుకుంటుంది, నాది ఇంతే: రేపు ఈ పిల్ల రాకపోతే పని ఆగుతుందా? ఆగితే అది కూలి, సొంత పొలమైనా సరే. ఆగకపోతే నేర్చుకోవడం. మీ బాబు రేపు కడుపునొప్పి అని పడుకుంటే మీ బావగారు నవ్వి ఊరుకుంటారు. ఆ తొమ్మిదేళ్ల పిల్ల కడుపునొప్పి అంటే ఆ రోజు తల్లి మూట తేలికవుతుంది.

సొంత పొలమైనా సరే అన్నది కావాలనే అన్నాను. చట్టం సొంత కుటుంబాన్ని నమ్మినంతగా నేను నమ్మను. కూలీ పిల్లకు కనీసం సాయంత్రం ఆరింటికి సెలవు. సొంత పిల్లకు "ఇదొక్క సాలు" అంటూ రాత్రయిపోతుంది. మా చుట్టాల్లోనే ఒక ఇంట్లో, రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి పన్నెండేళ్ల వాణ్ని పంపేవాళ్లు. వాన పడిన రాత్రి, తడి చేతులు, స్టార్టర్ డబ్బా మూత విరిగి ఉంది. వాడు బతికాడు కానీ కుడిచేతి రెండు వేళ్లు వంగవు. ఎవరి మీదా కేసు లేదు. సొంత పొలం, సొంత తండ్రి. ట్రాక్టరు మడ్‌గార్డ్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం కూడా ఇదే బాపతు. ముద్దుగా ఉంటుంది, ఫొటోలు తీస్తాం. గుంతలో చక్రం పడితే పిల్లవాడు పడేది వెనక్కి కాదు, చక్రం కిందికి. మోటారు, ట్రాక్టరు, గడ్డి మిషన్, గోడ లేని బావి: ఈ నాలుగింటి దగ్గర మీ పిల్లలు పెద్దవాళ్లు పక్కనున్నా వద్దు. పాములు సరేసరి, కాళ్లకు బూట్లు వేయండి. ఊరి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పద్నాలుగు దాటినవాళ్ల గురించి మీరు అడగలేదు, కానీ మీ పాపకు వచ్చే ఏడు 14. పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకరమైన పనులు తప్ప మిగతావి చట్టం ఒప్పుకుంటుంది. మందు డబ్బా భుజాన వేయడం మాత్రం పద్దెనిమిది నిండేదాకా నేను ఒప్పుకోను.

ఇప్పుడు మీ బావగారికి ఏం చెప్పాలి? ఆయన మీకు పెద్ద, మీరు చట్టం సెక్షన్లు చదివితే ఇంట్లో పండగ పాడవుతుంది. నేనైతే ఇట్లా చెప్తాను. ముందు ఆయన భయం మాట్లాడండి, ధర్మం తర్వాత: "బావగారూ, ఎవరైనా ఫోన్ కొడితే కేసు మీ మీద పడుతుందట, వాళ్ల మీద కాదట." రైతుకు ఈ మాట అర్థమవుతుంది. తర్వాత రెండు పనులు చూపించండి. ఒకటి, చేతనైతే కిలో లెక్క మాని రోజు కూలికి మాట్లాడుకోవడం. ఒప్పుకోరు చాలామంది, రోజు కూలికి చెయ్యి నెమ్మదిస్తుందని. నిజమే, కొంచెం నెమ్మదిస్తుంది. ఒప్పుకోకపోతే కిలో ధర కొంచెం పెంచి, పద్నాలుగు లోపువాళ్లు సాలులోకి దిగకూడదని మొదటి రోజే మేస్త్రితో ఖండితంగా చెప్పించడం. ధర పెంచకుండా పిల్లల్ని మాత్రం ఆపితే ఆ ఇంటి కూలి కోసినట్టే. ఆ తల్లి మర్నాడు పిల్లను తీసుకుని ఇంకో చేనుకు పోతుంది, అక్కడ ఎవరూ అడగరు.

రెండోది నీడ. నేను 2007 నుంచి చేసింది ఇదే. చింతచెట్టు కింద ఒక టార్పాలిన్, ఒక కుండ నీళ్లు, బొంగు పేలాలు, వంగి పని చేయలేని ఒక ముసలావిడ. ఆమెకు కూలి అందరితో సమానం. పిల్లలంతా ఆమె దగ్గర. ఖర్చు రోజుకు ఒక మనిషి కూలి. చంకబిడ్డలు కూడా అక్కడే ఉండటంతో తల్లులు మాటిమాటికీ గెట్టు మీదికి రావడం తగ్గి, పనే పెరిగింది. దసరా సెలవుల్లో బడి లేదు కాబట్టి పిల్లలు చేనుకు రాక తప్పదు. రావడం తప్పు కాదు, సాలులోకి దిగడమే తప్పు. మీ పిల్లలు వెళ్లేటప్పుడు ఒక క్యారంబోర్డు, నాలుగు బొమ్మల పుస్తకాలు పట్టుకుపోతే ఆ చెట్టు కింద తోడు నిజంగానే దొరుకుతుంది. మీ పాప పెద్దది, చదివి వినిపించగలదు.

మీ పిల్లలు ఏం చేయాలి? ఎనిమిది దాటాక, మంచు ఆరాక, ఒక సాలులో రెండు గంటలు. పత్తి కాయ ఎండిన తొడిమెలు వేళ్లను గీకుతాయి, మొదటి రోజు ఏడుపు వస్తుంది, రెండో రోజు మెళకువ తెలుస్తుంది. గుడ్డిపత్తి ఏదో, మంచిపత్తి ఏదో విడదీయడం నేర్పమనండి, ఆకు చెత్త కలిస్తే ధర ఎందుకు పడిపోతుందో చెప్పమనండి. పువ్వు మొదటి రోజు తెల్లగా ఉండి రెండో రోజు గులాబీ రంగుకు ఎందుకు మారుతుందో వాళ్లే కనిపెట్టి మీకు చెప్తారు. కాంటా వేసే రోజు తప్పకుండా వెంట తీసుకుపొమ్మనండి. తరుగు తీసేటప్పుడు పెదనాన్న ముఖం చూస్తే వ్యవసాయం గురించి పుస్తకాల్లో లేనిది తెలుస్తుంది.

చివరగా, పిల్లలకు పైసలు ఇవ్వొచ్చా అని అడిగారు, ఊరికే చేయించుకుంటే బాగుండదని. ఇవ్వకండి. పైసలు ఇచ్చిన రోజు నుంచి అది కుటుంబ సాయం కాదు, చట్టం దృష్టిలోనూ పిల్లల దృష్టిలోనూ. దాని బదులు వాళ్లదంటూ కొంచెం నేల ఇవ్వమనండి. మా మనవడికి పోయిన వేసవిలో బావి దగ్గర మూడు సాళ్లు ఇచ్చాను, బెండ వేశాడు. రెండు సాళ్లు నీళ్లు మరిచి ఎండగొట్టాడు. మూడోదాంట్లో కాయలు పడ్డాయి కానీ, రోజూ లెక్కపెట్టుకోవడానికే ఉంచుకుని కోయనివ్వలేదు. ముదిరి కట్టెలయ్యాక కోసుకొచ్చాడు. వాళ్ల నాయనమ్మ ఏమీ అనకుండా పులుసు పెట్టింది, ఎవరమూ నమలలేకపోయాం. ఈసారి గోరుచిక్కుడు పెడతానంటున్నాడు.